కాళ్లతో మాట్లాడే ఫ్రెంచి

నాగదుర్గ తన అత్తగారితో ఆడిన అబద్ధాలన్నీ ఏరి ఒక గంపలో పోస్తే అడుగు కూడా నిండదు. కూరలో ఉప్పు సరిపోయిందనీ, పుట్టింటికి ఫోన్ చేసి చాలా రోజులైందనీ, ఇలాంటి చిల్లర అబద్ధాలే తప్ప పెద్దవాటి జోలికి ఆమె ఎన్నడూ పోలేదు. పోదామన్నా ధైర్యం చాలదు. మరిడమ్మ ముందు అబద్ధమాడి నెగ్గుకొచ్చిన మనిషి కాకినాడ జగన్నాథపురం మొత్తంలో లేడు. ఆవిడది చేపల వ్యాపారం. హార్బరులో వేలంపాట జరిగేచోట చీర కుచ్చెళ్లు ఎగదోపి నిలబడిందంటే, ఐసులో వారం పడుకున్న వంజరాన్ని 'ఇప్పుడే దిగిందమ్మా' అన్నవాడికి ఆవిడ చూపుకే చెమటలు పట్టేవి. దక్షిణాది నుంచి వచ్చే పెద్ద బోట్ల వాళ్లతో తమిళంలోనే దెబ్బలాడి తమిళంలోనే రాజీపడేది. ఒక్కగానొక్క కొడుకు సురేష్‌బాబు ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పెళ్లయి పిల్ల పుట్టినా అమ్మ పిలిస్తే అతను ఇప్పటికీ లేచి నిలబడే మాట్లాడతాడు.

అలాంటి ఆవిడతో నాగదుర్గ ఒక పెద్ద అబద్ధం ఆడవలసి వచ్చింది. దానికి కారణం కూతురి కాళ్లు.

కూతురి పేరు మరిష్మ. నాయనమ్మ పేరు పెట్టకపోతే ఇంట్లో కుదరదు, పెడితే స్కూల్లో పిల్లలు ఊరుకోరు. సురేష్‌బాబు బాగా ఆలోచించి మరిడమ్మకి కాస్త మెరుగుపెట్టి మరిష్మ చేశాడు. అయిదో తరగతి చదివే ఆ పిల్లకి నడవడమంటే తెలియదు. మంచం మీంచి గుమ్మంలోకి, గుమ్మంలోంచి గట్టు మీదికి, గట్టు మీంచి వాకిట్లోకి అన్నీ గెంతులే. ఒకరోజు అలా గట్టు మీంచి గెంతి, సరాసరి ఒలిచి కడిగి పెట్టిన రొయ్యల బేసినులో రెండు కాళ్లతో దిగింది. రొయ్యలు వీధి గుమ్మం దాకా వెళ్లాయి. పక్కింటి పిల్లి వాటిలో తన వాటా తను తీసుకుంది.

మరిడమ్మ అరవలేదు. బేసిను వంకా, మనవరాలి కాళ్ల వంకా చూసి కోడలితో అంది.

"దీని కాళ్లకి పని తగ్గించి నోటికి పని చెప్పవే. ఏదైనా ట్యూషన్లో పడెయ్యి. ఇక ఈ ఇంట్లో గెంతడం అన్న మాట నాకు వినపడకూడదు."

"ఆయ్, అలాగేనండి అత్తయ్యగారూ," అంది నాగదుర్గ.

ఆ మాట నిలబెట్టుకుందామనే అనుకుంది పాపం. ఆ శనివారం స్కూటీ అద్దం పగిలితే మార్పించుకోవడానికి మరిష్మని ఎక్కించుకుని భానుగుడి వెనక సందులో ఉన్న స్పేర్ పార్టుల కొట్టుకి వెళ్లింది. కొట్టువాడు అద్దం వెతకడానికి లోపలికి పోయాడు. మేడ మీంచి కీబోర్డు వాయిస్తున్న చప్పుడు వస్తోంది. తల తిప్పేలోపే మరిష్మ మెట్లెక్కేసింది. దాన్ని పట్టుకోవడానికి తనూ ఎక్కి, తలుపు దగ్గర ఆగిపోయింది.

పొడుగాటి హాలు. గోడకి ఒకవైపంతా అద్దం. మధ్యలో కొందరు ఆడపిల్లలు వరసగా నిలబడి చిన్నచిన్న గెంతులు వేస్తున్నారు. పెద్ద ఎత్తుకేం కాదు, జానెడు పైకి లేస్తున్నారంతే. కానీ ఎంత చురుకు! గాల్లోనే కాళ్లు ఒకదాన్నొకటి దాటుకుని చోటు మార్చుకుంటున్నాయి. నాగదుర్గని కట్టిపడేసింది మాత్రం అది కాదు. అంతమంది ఎగిరి దిగుతుంటే నేల మీద చప్పుడే లేదు. చినుకులు ఇసకలో పడ్డట్టు దిగుతున్నారు. ఆమెకి తెలియకుండానే మడమలు చెప్పుల్లోంచి పైకి లేచాయి.

నేర్పుతున్నామె పేరు ప్రిస్కిల్లా. ఊరు కాకినాడే, బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ బ్యాలే నేర్చుకుని, ఉద్యోగం మానేసి బ్యాలేతో తిరిగొచ్చింది. నాగదుర్గ అడగకుండానే చెప్పుకొచ్చింది.

"దీన్ని పెతీ అలెగ్రో అంటారండి. అంటే చిన్న గెంతులు, చకచకా వేసేవి. పెద్ద గెంతు ఎవరైనా గెంతుతారండి, చిన్నదే కష్టం. ఇందులో ప్రతి అడుక్కీ ఒక పేరుంటుంది, అన్నీ ఫ్రెంచి పేర్లే. లోకంలో ఎక్కడ నేర్చుకున్నా అవే పేర్లు. నా క్లాసులో పద్ధతేంటంటే, ముందు నోరు పేరు పలకాలి, వెంటనే కాలు వినాలి."

ఆ మాటలు పూర్తయ్యేసరికి మరిష్మ వరస చివర నిలబడి పిల్లలతో పాటు ఎగురుతోంది. ప్రిస్కిల్లా దాని కాళ్లు చూసి, నాగదుర్గ వైపు చూసి, "ఈ అమ్మాయిని నాకిచ్చేయండి" అంది. నాగదుర్గ ఇచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి మరిడమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. "అద్దానికి ఇంతసేపా? ఎక్కడికెళ్లారు?"

నాగదుర్గ నోరు తెరిచింది. డాన్సు అనబోయింది, గెంతులు అనబోయింది.  చివరికి బయటికొచ్చింది ఇదీ: "ట్యూషన్లో చేర్పించానండి. ఫ్రెంచి."

"ఫ్రెంచా?" మరిడమ్మ మొహంలో ఒక్కసారిగా పెట్రోమాక్స్ లైటు వెలిగింది. "యానాంలో బావగారు మాట్లాడతారే, ఆ ఫ్రెంచా?"

"ఆయ్. అదేనండి."

యానాం బావగారంటే తాతాజీ, మరిడమ్మ అక్కగారి భర్త. వయసులో ఉండగా ఫ్రాన్సు వెళ్లి, పారిస్‌లో పదేళ్లుండి వచ్చాడు. తలమీద టోపీ, నోట్లో 'మా పారిస్‌లో అయితేనా' అన్న మాట లేకుండా ఆయన ఏ పెళ్లికీ రాడు. తాంబూలాలు ఎలా ఇవ్వాలో, అరిటాకు ఎటు తిప్పి వెయ్యాలో కూడా పారిస్ ప్రకారమే చెప్పేవాడు. ఆయన ముక్కుతో నాలుగు ముక్కలు పలికితే బంధువులంతా నోరు మూసుకునేవారు. ఆమధ్య తాళ్లరేవులో గృహప్రవేశానికి మరిడమ్మ స్వయంగా చేపల పులుసు వండితే, అందరి ముందూ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "మరిడమ్మా, మా పారిస్‌లో చేపని వెన్నలో వేయిస్తారు. ఇలా చింతపండులో ముంచి చంపరు" అన్నాడు. మరిడమ్మ ఏమీ అనలేదు. ఇంకో గరిటె వడ్డించింది. ఆవిడ ఏమీ అనలేదంటే ఆ విషయం అప్పటికి తీరలేదని ఇంట్లోవాళ్లందరికీ తెలుసు.

అప్పటినుంచీ ఇంట్లో ఫ్రెంచి మొదలైంది. మరిష్మ పళ్లు తోముకుంటూ, జడ వేయించుకుంటూ పాఠం వల్లించేది: "గ్లిసాద్, జెతే, గ్లిసాద్, అసాంబ్లే, పా ద షా!"

మరిడమ్మ మురిసిపోయి అడిగేది. "అంటే ఏంటే?"

"జారడం, విసరడం, జారడం, కలపడం, పిల్లి అడుగు."

"అదేం మాటే? ఎవరు జారారు? పిల్లెందుకొచ్చింది?"

మరిష్మ తల్లి వంక చూసేది. నాగదుర్గ చేతిలో పని వదిలేసి పరుగున వచ్చేది. "కథండి అత్తయ్యగారూ. పిల్లి చేప కోసం వచ్చి జారిపడిందంట. గిన్నె విసిరేసిందంట. తర్వాత ముక్కలన్నీ కలిపారంట."

"చేప పోయిందా, ఉందా?"

"అది రేపటి పాఠంలో ఉందండి."

మరిడమ్మ ఆ కథ పక్కింటావిడకి చెప్పింది, ఎదురింటావిడకి చెప్పింది, హార్బరులో ఐసు కొట్టేవాళ్లకి కూడా చెప్పింది.

ఇక్కడితో ఆగినా బాగుండేది. శని ఆదివారాలు ఆ హాల్లో బెంచీ మీద కూర్చుని చూసి చూసి నాగదుర్గకి కూడా ఆ పురుగు కుట్టింది. అన్నం ఉడికేలోపు వంటింట్లో తలుపు చేరవేసి, గట్టు పట్టుకుని, 'ప్లియే' అనుకుని మోకాళ్లు వంచేది. 'సోతే' అనుకుని ఎగిరేది. మొదటిరోజు దిగేసరికి అలమరలో స్టీలు గ్లాసులన్నీ ఒక్కసారి గొల్లుమన్నాయి.

"ఏంటే ఆ చప్పుడు?" హాల్లోంచి మరిడమ్మ.

"కుక్కరండి!"

"విజిలు లేకుండానే ఎగురుతోందా?"

ఆ భయానికి నాగదుర్గ చప్పుడు లేకుండా దిగడం నేర్చుకుంది. ముందు వేలి కొసలు, ఆ తర్వాత పాదం, చివర్న మడమ, ఆ వెంటనే మోకాలు వంగాలి. ప్రిస్కిల్లా తన శిష్యులకి నెల్లాళ్లు గొంతు చించుకుని నేర్పేదాన్ని మరిడమ్మ చెవులు నాగదుర్గకి వారంలో నేర్పాయి. అత్తగారు పక్కగదిలో పప్పు ఏరుతుంటే ఇవతల కోడలు గాల్లో కాళ్లు మార్చుకునేది. గ్లాసులు కదిలేవి కావు. ఆ సంతోషం ఎవరితో చెప్పుకోవాలో తెలియక చారులో పోపు రెండుసార్లు వేసిన రోజులున్నాయి.

ఇలా ఉండగా ఒక గురువారం మరిడమ్మ భోంచేస్తూ మామూలుగా అంది. "ఆదివారం యానాం నుంచి బావగారొస్తున్నారు. మన పిల్లకి ఫ్రెంచి ఎంతవరకు వచ్చిందో ఆయన మాట్లాడి చూస్తారు. ఆ రోజుకి పులుసు నేను పెడతాను."

అసలు సంగతి తెలిసిన సురేష్‌బాబుకి పొలమారింది. నాగదుర్గ నీళ్లు అందించబోయి మజ్జిగ అందించింది.

ఆ సాయంత్రం మొగుడూ పెళ్లాం డాబా మీద గుసగుసలు మొదలెట్టారు. పిల్లకి జ్వరమని చెబుదామన్నాడు సురేష్‌బాబు. కిందకెళ్లి చెప్పాడు కూడా. వెళ్లినంత వేగంగా తిరిగొచ్చాడు.

"జ్వరం వంటికొస్తది గాని నాలిక్కి రాదుగా, పడుకునే మాట్లాడొచ్చు అంది అమ్మ."

మర్నాడు నాగదుర్గ ప్రిస్కిల్లా దగ్గరికి పరుగెత్తి జరిగిందంతా చెప్పుకుంది. "ఆదివారంలోగా దీనికి ఫ్రెంచి నేర్పగలరాండి?"

ప్రిస్కిల్లా నవ్వు ఆపుకోలేక కీబోర్డు మీద చెయ్యి వేసింది. అది భోరుమంది. "నాకే రాదండి! నాకొచ్చింది ఈ గెంతుల పేర్లే. వాటితో పారిస్‌లో మంచినీళ్లు కూడా అడగలేను." చివరికి జాలిపడి, వచ్చినవాళ్లని పలకరించే మాట ఒకటి మరిష్మకి నేర్పి పంపింది.

ఆదివారం రానే వచ్చింది. తాతాజీ టోపీతో, ఇస్త్రీ ప్యాంటుతో దిగి హాల్లో సోఫాలో కూర్చున్నాడు. మరిడమ్మ ఒక కుర్చీ లాక్కుని, తగువు తీర్చడానికొచ్చిన పెద్దమనిషిలా మధ్యలో వేసుకుంది. మరిష్మని ఎదురుగా నిలబెట్టారు. సురేష్‌బాబు గుమ్మం దగ్గర నిలబడ్డాడు, పారిపోవడానికి అదే అనువైన చోటు కనుక. నాగదుర్గ తలుపు చాటున చేతులు నలుపుకుంటోంది.

"కానివ్వండి బావగారూ," అంది మరిడమ్మ.

తాతాజీ గొంతు సవరించుకుని ముక్కుతో అన్నాడు. "బోంజూర్, మద్మజెల్!"

"బోంజూర్, ముస్యూ!" అంది మరిష్మ టక్కున.

మరిడమ్మ తల పంకించింది. అంతే, తర్వాత ఎవరి దగ్గరా మాట లేదు.  పిల్ల పెద్దాయన వంక, పెద్దాయన పిల్ల వంక చూస్తున్నారు. తాతాజీ జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.  ఏదో ఒకటి అనవే అన్నట్టు నాగదుర్గ కూతురికి కళ్లతో సైగ చేసింది.

"ప్లియే," అంది మరిష్మ. నోరు పలికింది కదా, మోకాళ్లు వాటంతట అవే వంగాయి.

తాతాజీ ఆ మోకాళ్ల వంక చూశాడు. ఆయన మొహంలో ఏదో ఊరట కనపడింది. "వుయ్, వుయ్! కూర్చోమంటోంది. మర్యాద తెలిసిన పిల్ల."

"జెతే!" మరిష్మ ఒక కాలు విసిరి ఆ కాలి మీదికే ఎగిరింది.

"స్కూల్లో ఎవడో అల్లరి చేస్తున్నాడంట. తన్నాలంటోంది."

"ఎషాపే!" రెండు కాళ్లూ చెరోవైపూ పోయాయి.

"ఇల్లు... ఇల్లు విశాలంగా ఉందంటోంది."

నాగదుర్గ ఉలిక్కిపడింది. ఎషాపే అంటే తప్పించుకోవడమని ప్రిస్కిల్లా ఆ హాల్లో ఎన్నిసార్లు చెప్పిందో! ఇల్లెక్కడ, విశాలమెక్కడ? ఆమె మొదటిసారి తాతాజీ కళ్లవైపు చూసింది. ఆ కళ్లు మరిష్మ మొహం మీద లేవు. తర్వాత ఏమంటుందోనని ఎదురుచూస్తూ పిల్ల కాళ్లనే పట్టుకుని వేలాడుతున్నాయి.

"పా ద షా!" మోకాళ్లు ఒకదాని వెంట ఒకటి పైకి ముడుచుకుని మరిష్మ పక్కకి గెంతింది.

"షా అంటే రాజు," అన్నాడు తాతాజీ, ఈసారి ధీమాగా. "పూర్వం ఒక రాజుగారుండేవారంట..."

"పిల్లి కాదా బావగారూ?" మరిడమ్మ అమాయకంగా అడిగింది. "పిల్లి అడుగని చెప్పిందే మాకు?"

"పిల్లే! పిల్లే! రాజుగారి పిల్లి."

మరిడమ్మ పెదవులు బిగించింది. "అంతా బానే ఉంది గాని, మాట్లాడుతుంటే దీని కాళ్లెందుకు ఎగురుతున్నాయంటారు?"

నాగదుర్గ కళ్లు మూసుకుంది. అయిపోయిందనుకుంది. కానీ ఆమెని ఆదుకోవడానికి యానాం దేవుడు సిద్ధంగా ఉన్నాడు.

"అదేనమ్మా అసలైన ఫ్రెంచి!" అన్నాడు తాతాజీ. "ఆ భాష సగం నోట్లో ఉంటే సగం కాళ్లల్లో ఉంటుంది. పారిస్‌లో బజారుకెళ్తే చూడాలి, కూరలు బేరమాడేవాళ్లంతా ఇలా ఎగురుతూనే ఉంటారు. బుక్కుల్లో నేర్చుకున్నవాళ్లకి ఇది రాదు. ఈ పిల్లకి మంచి టీచరు దొరికింది."

"అలాగా! మరి మీరు కూర్చునే మాట్లాడారేంటి బావగారూ?"

 తాతాజీ టోపీ తీసి సోఫా మీద పెట్టాడు. ప్యాంటు పైకి లాక్కుని లేచి నిలబడ్డాడు. డెబ్భై దాటిన మనిషి, "పా ద షా" అని గట్టిగా అని, ఒక మోకాలు ఎత్తి, రెండోది ఎత్తబోయి, ధనామని దిగాడు. షోకేసులో బొమ్మలు దడదడలాడాయి. గోడమీద క్యాలెండరు ఊగింది.

"మోకాళ్లు వంచి దిగండి పెద్దమావయ్యగారూ, నడుం పట్టేస్తాది!"

ఆ అరుపు తన నోట్లోంచే వచ్చిందని నాగదుర్గకి అందరూ తనవైపు తిరిగాకగానీ తెలియలేదు.

"ఓహో," అంది మరిడమ్మ తాపీగా. "నీకూ వచ్చన్నమాట ఫ్రెంచి. అయితే రా, చాటునెందుకు? నువ్వూ రెండు మాటలాడు."

ఇక చేసేదేముంది? నాగదుర్గ చీర కొంగు నడుముకి చుట్టి హాలు మధ్యకొచ్చింది. మరిష్మ ఆనందానికి అవధుల్లేవు. అమ్మ చెయ్యి పట్టుకుని, "గ్లిసాద్!" అని కేకేసింది. ఇద్దరూ పక్కకి జారారు. "జెతే!" ఇద్దరూ ఎగిరారు. "అసాంబ్లే!" గాల్లో కాళ్లు కలిపి దిగారు. వెనక తాతాజీ కూడా ఒక అడుగు ఆలస్యంగా, రెండు రెట్లు చప్పుడుతో మాట్లాడుతున్నాడు. నాగదుర్గ మొదటి రెండు గెంతులూ బెరుకుగానే వేసింది. మూడో గెంతుకి బెరుకు పోయింది. నాలుగో గెంతుకి అత్తగారు ఎదురుగా ఉన్న సంగతే మర్చిపోయింది. తలుపు చేరవేసిన వంటింట్లో ఎప్పుడూ ఇంత చోటు లేదు. పైకి లేచినప్పుడు కిటికీలోంచి ఎదురింటి డాబా కనపడుతోంది, దిగితే మాయమవుతోంది, మళ్లీ కనపడుతోంది. దిగినప్పుడు చప్పుడు లేదు.

సురేష్‌బాబు గుమ్మం దగ్గర నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. తన పెళ్లాం ఇలా ఎగరగలదని అతనికి ఎవరూ చెప్పలేదు.

మరిడమ్మ చప్పట్లు కొట్టి ఆపింది. "బాగుంది, బాగుంది. బావగారూ, ఇక ఒక్కటే. పిల్లని పెద్ద ప్రశ్న ఏదైనా అడగండి. ఎగరకపోయినా పర్లేదు."

తాతాజీ సోఫా చెయ్యి పట్టుకుని రొప్పుతున్నాడు. ఆ స్థితిలో మనిషికి కొత్త అబద్ధం పుట్టదు. బుర్రలో ఏముందో అదే, కాస్త ముక్కు కలిపి, బయటికొచ్చింది.

"సాప్ట్యాం? ఎన్నం పణ్ణరేం?"

మరిడమ్మ కుర్చీలో ముందుకి వంగి, మంచి తమిళంలో, తమిళ బోటు వాళ్లతో మాట్లాడే గొంతుతోనే జవాబిచ్చింది.

"ఇన్నుం సాప్పిడలే బావగారూ. ఉక్కారుంగ. మీన్ కొళంబు రెడీ."

తిన్నావా, ఏం చేస్తున్నావు అని ఆయన అడిగితే, ఇంకా భోంచెయ్యలేదు, కూర్చోండి, చేపల పులుసు సిద్ధంగా ఉంది అని ఆవిడ జవాబు. తాతాజీ మొహం అప్పుడే బోటులోంచి దించిన చందువా చేపలా తెల్లబడింది.

"నాయనమ్మా!" మరిష్మ ఆశ్చర్యంతో అరిచింది. "నీకూ ఫ్రెంచి వచ్చా!"

అప్పుడు మరిడమ్మ నవ్వింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత కుర్చీ కదిలింది, చివరికి కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఆవిడ అలా నవ్వగా నాగదుర్గ కాపురానికొచ్చాక చూడలేదు. తాతాజీ కాసేపు బిక్కమొహం వేసి, ఇక దాచేదేమీ లేదని తేలాక ఆయనా మొదలెట్టాడు.

"ఏం చెయ్యమంటావు మరిడమ్మా," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "పారిస్‌లో నేను పనిచేసింది ఒక పాండిచ్చేరి ఆయన హోటల్లో. యజమాని దగ్గర్నుంచి గిన్నెలు కడిగేవాడి దాకా అందరూ అరవం వాళ్లే. బయటికెళ్దామంటే చలి. పదేళ్లలో అరవం నేర్చుకుని వచ్చాను. తిరిగొచ్చాక ఫ్రెంచి రాదంటే ఎవరూ నమ్మలేదు. వచ్చంటే అందరూ నమ్మారు. నమ్మేదే చెప్పాను."

"నాకు తాళ్లరేవులోనే అనుమానమేసింది," అంది మరిడమ్మ. "పచ్చిమిరపకాయ కొరికి మీరు అరవంలో అమ్మో అన్నారు."

నాగదుర్గ ఇదే అదనని వంటింట్లోకి జారుకోబోయింది. గ్లిసాద్ సగంలో ఉండగా అత్తగారి గొంతు పట్టుకుంది.

"నువ్వెక్కడికే? నీ ఫ్రెంచి సంగతి కూడా నాకు మొదటి వారమే తెలుసు. ఆ ప్రిస్కిల్లా వాళ్లమ్మ నా దగ్గరే చేపలు కొంటాది. 'మీ మనవరాలు నేల మీద నిలవడం లేదంట కదా, మా అమ్మాయి చెప్పింది' అని ఆవిడ అనేసరికి నీ పిల్లి కథ గుర్తొచ్చి వంజరం తూకం తప్పాను."

నాగదుర్గ తలొంచుకుంది.  "తప్పయిందండి అత్తయ్యగారూ." ఆ వెంటనే ఉండబట్టలేక అడిగింది. "మరి అన్నీ తెలిసీ ఎందుకు అడగలేదండి?"

"అడిగితే నువ్వు నిజం చెప్పేస్తావు. నిజం చెప్తే ఒప్పుకోవాలో మానాలో నేను తేల్చుకోవాలి. గెంతడం వద్దని అన్నదాన్ని, మాట ఎలా వెనక్కి తీసుకుంటాను? నువ్వు అబద్ధం ఆడినన్నాళ్లూ నాకా బాధ లేకపోయింది. పిల్ల ఎగురుతోంది, నేను కథ వింటున్నాను." లేచి చీర సర్దుకుంది. "పైగా ఈయన్ని కూర్చోబెట్టి మాట్లాడించడానికి ఈ ఊళ్లో నాకు ఇంకో ఫ్రెంచి మనిషి ఎక్కడ దొరుకుతాడు? పదండి, పులుసు చల్లారిపోద్ది."

విస్తరి ముందు మరిడమ్మ షరతు పెట్టింది. ఇకపై ఏ ఫంక్షన్లో తన పులుసు తిన్నా బావగారు పదిమంది ముందూ బాగుందని ఫ్రెంచిలో చెప్పాలి.

"ఫ్రెంచిలో అంటే?" తాతాజీ భయంభయంగా అడిగాడు.

"నాకు అర్థమయ్యే ఫ్రెంచిలో."

తాతాజీ రెండుసార్లు వడ్డించుకున్నాడు. షరతుకి భయపడో, నిజంగా నచ్చో ఆయనకే తెలియాలి.

అయితే యానాం వెళ్లాక ఆయన ఊరుకోలేదు. తన గుట్టు దాచుకోవడానికి మరిష్మ ఫ్రెంచిని ఆకాశానికెత్తాడు. ఫలితంగా రెండు వారాలు తిరక్కుండా ప్రిస్కిల్లాకి ఫోన్లు మొదలయ్యాయి. "యానాం నుంచండి. మా అబ్బాయికి ఫ్రెంచి చెప్పాలండి." అది భాష కాదని ఆమె ఎంత మొత్తుకున్నా, "ఆయ్, తెలుసండి, కాళ్లతో మాట్లాడే రకం, అదే కావాలండి" అనేవారు. ఇద్దరు పిల్లలైతే టిఫిన్ క్యారేజీలతో సహా బస్సు దిగేశారు. ప్రిస్కిల్లా నాగదుర్గకి ఫోన్ చేసి ముందు తిట్టింది, తర్వాత నవ్వింది, ఆపైన ఆ ఇద్దర్నీ చేర్చుకుంది. వాళ్లలో ఒకడు బాగా ఎగురుతాడని కూడా చెప్పింది. ఆ మాటల్లోనే, ఆదివారం పొద్దున పెద్దవాళ్లకి కూడా ఒక బ్యాచి పెడుతున్నానని, రమ్మని అంది.

నాగదుర్గ ఈసారి నిజమే చెప్పాలని గట్టిగా తీర్మానించుకుంది. చేపలు బాగుచేస్తున్న అత్తగారి ముందు నిలబడి, చేతులు కట్టుకుని మొదలెట్టింది. "అత్తయ్యగారూ, నేను ఆదివారాలు బ్యాలే..."

మరిడమ్మ కత్తిపీట మీంచి తల ఎత్తకుండానే అడ్డం పడింది. "నాకెందుకే అవన్నీ? మొన్నటిదాకా ఎంత చక్కగా అబద్ధం చెప్పేదానివి!"

నాగదుర్గ వచ్చే నవ్వు ఆపుకుంది.  "అదేనండి... కుట్టు క్లాసుకెళ్తున్నానండి."

"వెళ్లు. పన్నెండింటికల్లా వచ్చెయ్యి. రొయ్యలున్నాయి."

ఆదివారం పొద్దున్నే ఆమె ఆ హాల్లో అద్దం ముందు నిలబడింది. పక్కన ఒక బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు నర్సులు, ఒక లెక్చరర్ ఉన్నారు. ప్రిస్కిల్లా కీబోర్డు మీద తాళం వేసి "సోతే!" అంది. అందరూ ఎగిరారు, అందరూ ధబ్బున దిగారు. కింద కొట్టువాడు పరుగెత్తుకుంటూ మెట్లెక్కి, పైన ఏం కూలిందండీ అని అడిగాడు. ఏం లేదండి, మళ్లీ చేస్తాం అంది ప్రిస్కిల్లా. నాగదుర్గ మోకాళ్లు వంచి తయారుగా నిలబడింది.